మూటలో గొట్టం పొడిచి చూసిన చదువు

మా ఆళ్లగడ్డ చర్చిలో పరీక్షా ఫలితాలు రెండుసార్లు వెలువడతాయి. మొదటిసారి ప్రభుత్వం వెలువరిస్తుంది. దాన్ని మేమెవరం పెద్దగా లెక్కచేయం. రెండోసారి ఆ తర్వాతి ఆదివారం, ఆరాధనలో సాక్ష్యాలు చెప్పే వేళ వెలువడతాయి. అవే అసలు ఫలితాలు. తల్లో తండ్రో లేచి మైకు పుచ్చుకుని, బిడ్డ మార్కులు చెప్పి, దేవునికి స్తోత్రం అంటారు. సంఘమంతా కలిసి "ఆమేన్" అనాలి.

ఆ ఆమేన్‌కు గ్రేడింగు ఉంది. వెయ్యికి తొమ్మిది వందల యాభై దాటిన మార్కులకు పడే ఆమేన్‌కి పైకప్పు మీది పావురాలు లేచి రుద్రవరం దాకా ఎగిరిపోతాయి. ఎనిమిది వందలకు పడే ఆమేన్ ఫ్యాన్ల చప్పుడును మించదు. ఆరేడు వందలైతే ఆమేనే పడదు. వెనక వరసలోంచి ఒక ముసలమ్మ మాత్రం "ప్రభువు చూసుకుంటాడులే నాయనా" అంటుంది. ఆ మాట చెవిన పడ్డ తండ్రి మైకు వైరుకు కాలు తగిలించుకుని, పక్కవాళ్ల ఒళ్లో కూర్చుని, మళ్లీ లేచి తన కుర్చీ వెతుక్కుంటాడు. ఇక ఫెయిలైన పిల్లల సంగతంటారా, వాళ్ల గురించి సాక్ష్యం చెప్పిన మనిషి మా సంఘం పుట్టాక పుట్టలేదు. దేవుడికి కూడా ఆ కబురు అందకుండా జాగ్రత్తపడతాం.

ఆ యేడు మా అక్క కూతురికి ఇంటర్‌లో తొమ్మిది వందల ఎనభై పైచిలుకు వచ్చాయి. మా బావ లేచి ఆ అంకె చెప్పగానే పడిన ఆమేన్‌కి పావురాలు రెండు వారాలదాకా తిరిగి రాలేదు. పాస్టరుగారే ఒక క్షణం బైబిలు మూసి మా బావ వంక చూశారు. ఇంటికి వస్తున్నంతసేపూ బావ ఛాతీ ఆయనకంటే నాలుగడుగులు ముందు నడిచింది.

బావ నంద్యాల మిల్లులకు వడ్లు చూసిపెట్టే మనిషి. లారీ వచ్చి ఆగితే, సంచిలోంచి ఒక ఇనుప గొట్టం తీస్తాడు. మూరెడు పొడవు, మొన సూదిగా, ఒక పక్క గాడి. దాన్ని మూట పొట్టలో కసుక్కున పొడిచి లాగితే గుప్పెడు వడ్లు వస్తాయి. వాటిని అరచేతిలో నలిపి, ఊకను ఉఫ్‌మని ఊది, ఒక గింజ పంటికింద కొరికి, కళ్లు మూసుకుని తీర్పు చెప్తాడు. "నూక ఎక్కువొస్తాది." అంతే. ఆ ఊదుడుకు మిల్లు గుమాస్తా కళ్లద్దాలు ఎగిరి త్రాసులో పడ్డాయనీ, వాటి బరువూ రైతు ఖాతాలోనే జమ అయిందనీ చెప్పుకుంటారు. ఆ గొట్టం లేకుండా ఆయన బయటికి కదలడు. పెళ్లికి పోయినా వంటల దగ్గర బియ్యం బస్తాను ఒక పోటు పొడిచిగానీ అక్షింతలు వేయడు.

ఎంట్రన్స్ ర్యాంకు వచ్చింది. ర్యాంకు అని మర్యాదకు అంటున్నాను గానీ అది ఫోన్ నంబరు. నిజంగానే మా అక్క దానికి ఫోన్ చేయబోయింది. ఇంటర్ మార్కుల్లోంచి కొంత భాగం ప్రభుత్వమే ఆ ర్యాంకులో కలుపుతుంది. కలిపితేనే అంత పొడవుంది. కలపకపోతే రెండు లైన్లలో రాయాల్సి వచ్చేది.

పిల్లకు సివిల్ ఇంజనీరింగ్ చదవాలని. చిన్నప్పుడు అవుకులో చుట్టాలింటికి పోయినప్పుడు పట్టుకున్న పిచ్చి అది. రిజర్వాయరు దగ్గర మిగతా పిల్లలందరూ నీళ్లు చూస్తే ఇది కట్టను చూసింది. "ఇన్ని నీళ్లు తోస్తాంటే ఇది ఎట్ల నిలబడింది మామా?" అని నన్నడిగింది. నేను లెక్కల మాస్టరును. "గట్టిగా" అని చెప్పాను. ఆ జవాబు చాలక అది ఇంజనీరు కావాలనుకుందని నా అనుమానం.

సీటుకు కొదవ లేదు. నంద్యాలలో నేను లెక్కలు చెప్పే కాలేజీలోనే సివిల్ సీట్లు, వానాకాలంలో చెరకురసం బండిలాగా, వచ్చేపోయేవాళ్లను ఆశగా చూస్తూ నిలబడి ఉంటాయి. చిక్కల్లా బావతోనే. మా వీధి టైలరు కొడుకు ఇట్లాగే ఇంజనీరింగులో చేరి, నాలుగేళ్ల చదువును ఏడేళ్లు చదివాడు. ఇప్పుడు ఎవరైనా "ఏం చేస్తాండావబ్బీ?" అంటే పక్క సందులోకి తిరుగుతాడు. వాడు తిరిగీ తిరిగీ ఆ సందు మూల అరిగి గుండ్రమైంది. తన కూతురు ఆ సందులోకి తిరగకూడదు. అదీ బావ భయం.

నేనూ బావా రోజూ పొద్దున ఒకే బస్సులో నంద్యాలకు పోతాం. ర్యాంకు వచ్చిన మర్నాడు బస్సు ఆళ్లగడ్డ దాటకముందే మొదలుపెట్టాడు.

"ఏంది బామ్మర్దీ, ఆ తొమ్మిదొందల ఎనభై యాడికి పాయె?"

"యాడికీ పోలేదు బావా. అది రెండేండ్ల కష్టం. ఇది మూడు గంటల పరీక్ష."

"నేను లారీ కాడ నిలబడేది పది నిమిషాలే. లారీ మొత్తం సంగతి చెప్తాండానా లేదా?"

"చెప్తాండావు."

"మరింకేంది! ఇంటర్ మార్కులంటే మూట నోటికాడ పోసిన వడ్లప్పా. రైతు మంచి గింజ తెచ్చి పైన పోస్తాడు. ఎవురు పోయరు? నేను నడుమ పొడుస్తా. ఎంట్రన్సంటే నడుమ పొడిచేది. పొడిచినాం. నూక ఒచ్చింది. ఈ పిల్ల ఆడ నిలబడదు. ఈడ్నే, ఆళ్లగడ్డలోనే డిగ్రీలో చేరితే సరిపాయె."

పట్టా పుచ్చుకున్న లెక్కల మాస్టరును, శిరివెళ్ళ మెట్ట వచ్చేదాకా వేళ్ల మీద లెక్కలు వేసుకున్నాను. మెట్ట ఎక్కాక అందుకున్నాను.

"బావా, అర్థమైనా కాకపోయినా పొద్దున్నే లేచి పుస్తకం ముందర కూర్చునే పిల్ల అది. రెండేండ్లు కూర్చునింది. కాలేజీలో కూడా అట్లే కూర్చుంటాది. ఆ కూర్చోవడం నీ గొట్టంలో యాడ పడతాది?"

అప్పటికే బస్సు రెండు పార్టీలుగా చీలిపోయింది. ముందు సీట్లు మార్కుల వైపు, వెనక సీట్లు ర్యాంకు వైపు. డ్రైవరు ఎటూ తేల్చుకోలేక రోడ్డు మధ్యలో తోలాడు. కూరగాయల గంప పెట్టుకున్న ఒకామె మాత్రం "మావాడికి మార్కులూ రాలేదు, ర్యాంకూ రాలేదు. వాని సంగతేందో ఎవురన్నా చెప్పండప్పా" అంది.

ఆ వేడిలో నేనొక మాట జారాను. మా కాలేజీలో చదివిపోయిన పిల్లల ఇంటర్ మార్కులు, ఎంట్రన్స్ ర్యాంకులు, మొదటి యేటి ఫలితాలు పక్కపక్కన పెట్టి, ఏది దేన్ని ముందుగా చెప్తుందో ఒక ఫార్ములా కట్టి తెస్తానన్నాను. అన్నాక తప్పుతుందా! సెలవులన్నీ దానికే పోశాను. కాగితాలు హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి మంచం కిందికి పాకాయి. మా ఆవిడ నెల రోజులు నాకు అన్నం గుమ్మంలోంచి గిరాటు వేసింది.

చివరికి తేలింది ఇది. మార్కులు కొంత నిజం చెప్తాయి. ర్యాంకు కూడా కొంత నిజం చెప్తుంది, కాకపోతే కాస్త తక్కువ. రెండూ కలిపి అడిగితే ఇంకాస్త ఎక్కువ చెప్తాయి. రెండూ చెప్పాక కూడా బోలెడంతమంది పిల్లలు తమ ఇష్టం వచ్చిన దారిన పోయారు. రెండింట్లోనూ మొదటి వరసలో ఉన్న ఒకడు క్యాంటీను ఎగ్ పఫ్‌ల మీద మనసు పడి కెమిస్ట్రీ తప్పాడు. రెండింట్లోనూ అడుగున ఉన్న ఒక అమ్మాయి ఇప్పుడు మా డిపార్ట్‌మెంట్లోనే లెక్చరరు. బోర్డు మీద నేను చేసే తప్పులు దిద్దుతుంది.

ఈ మహా సిద్ధాంతాన్ని బస్సులో బావకు విన్నవించాను. ఆయన వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ విని, ఒక్క మాట అన్నాడు.

"నువ్వు లోపలికొచ్చినోళ్లనే లెక్కేస్తివి గదప్పా. గేటు బయటనే నిలబడిపోయినోళ్లు ఎట్ల చదివేవాళ్లో నీకు యాడ తెల్సు?"

నెల రోజుల నా ఫార్ములా నడుముకు తగిలింది ఆ దెబ్బ. ఆ రోజు కాలేజీలో మూడు క్లాసులు వంగి చెప్పాను.

అదే వారం బావ ఇంట్లో తన సొంత ఎంట్రన్స్ పెట్టాడు. భోజనాల ముందర ఫిజిక్స్ పుస్తకం బల్ల మీద పెట్టి, సంచిలోంచి గొట్టం తీసి, పుస్తకం నడుమ కసుక్కున దూర్చాడు. ఏ పేజీ తెరుచుకుంటే ఆ పేజీలో లెక్క చేయాలి.

"బుక్కు చినుగుతాది నాయనా!" అంది పిల్ల.

"వడ్ల మూట చినుగుతాందా? చెయ్యి, చెయ్యి. బిరబిరా!"

పిల్ల తెల్లకాగితం తెచ్చుకుంది. స్కేలు తెచ్చుకుంది. నాలుగు వైపులా మార్జిను గీసింది. పెన్సిలు చెక్కింది. చెక్కిన మొనను దీపం కేసి పట్టుకుని చూసి, నచ్చక, మళ్లీ చెక్కింది. తర్వాత లెక్క చదివింది. ఒక్కో మెట్టూ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకుంటూ దిగింది. ఈలోగా చారు చల్లారింది, అన్నం గట్టిపడింది, బావ గడ్డం ఒక అంగుళం పెరిగింది. చివరికి వచ్చిన జవాబు అక్షరాలా సరైనది.

"జవాబు కరెక్టే," అన్నాడు బావ. "అయితే ఈపాటికి లారీ పోయి, వడ్లు బియ్యమై, బియ్యం అన్నమై, తిన్నోళ్లకు అరిగిపోయింటాది."

అందరం నవ్వాం. అంత నవ్వినా, ఆ మాటలో ఏముందో నాకు గానీ, అనేసిన బావకు గానీ తట్టలేదు.

మా అక్క కంచాలు పెడుతూ తేల్చేసింది. "మీ గొట్టాలూ వొద్దు, ఫార్ములాలూ వొద్దు. పిల్ల అడుగుతాండాది, చేరనీ. ఆర్నెల్లు చూద్దాం."

"సరే. ఒక్క సబ్జెక్టు తప్పినా నంద్యాల బందు. ఈడ డిగ్రీలో చేరాల. సరేనా?" అన్నాడు బావ.

పిల్ల తల వంచుకుని "సరే నాయనా" అంది. లెక్కల పేపరు తప్పుతుందన్నాడు బావ. నేను అన్నీ పాసవుతుందన్నాను. నా ఫార్ములా పరువూ, ఆయన గొట్టం పరువూ రెండూ ఆ పిల్ల నెత్తినెక్కి కూర్చున్నాయి.

అట్లా మా బస్సులో మూడో మనిషి చేరింది. మనిషితో పాటు ఇంజనీరింగ్ డ్రాయింగు కోసం ఒక బోర్డు. బోర్డు అంటే మీరు పలక అనుకునేరు. అది తలుపు. దాన్ని అడ్డంగా పెడితే ముందరి సీటువాళ్ల మెడలు, నిలువుగా పెడితే వెనకవాళ్ల కిటికీలు పోయేవి. కండక్టరు మొదటి వారం దానికి టికెట్టు కొట్టబోయాడు. రెండో వారానికి అందరికీ అలవాటైంది. దాని మీద మరమరాలు పోసుకుని తిన్నాం, పేకాట ఆడాం. ఒకసారి శిరివెళ్ళలో ఎక్కిన ఒక పెద్దాయన దాని నీడన నంద్యాల దాకా నిద్రపోయాడు. పిల్ల మాత్రం ఏమీ పట్టనట్టు, బస్సు కుదుపుల్లోనే పుస్తకం తెరిచి చదువుకునేది. నేను బావ వంక చూసి కళ్లెగరేసేవాణ్ణి. "కూర్చుంటాందా లేదా?" అని. ఆయన కిటికీలోంచి పొలాలు చూసేవాడు.

మొదటి ఆర్నెల్ల పరీక్షల ఫలితాలు ఒక సాయంత్రం తిరుగు ప్రయాణంలో వచ్చాయి. పిల్ల ఫోన్ చూస్తోంది. మేమిద్దరం దాని ముఖం చూస్తున్నాం. బస్సంతా మా ముగ్గురినీ చూస్తోంది.

"లెక్కలు?" అన్నాడు బావ.

"తొంభై రెండు."

నేను సీటులోంచి లేచి, పైకప్పుకు తల కొట్టుకుని, మళ్లీ కూర్చున్నాను. ఫిజిక్సు, ఇంగ్లీషు, మిగతావీ పాస్. ముందు సీట్ల మార్కుల పార్టీ చప్పట్లు మొదలుపెట్టింది. అప్పుడు పిల్ల చాలా చిన్న గొంతుతో అంది.

"డ్రాయింగు పోయింది మామా."

చప్పట్లు సగంలో ఆగిపోయాయి. సివిల్ ఇంజనీరు కావాల్సిన పిల్లకు డ్రాయింగు పోయింది. నా ఫార్ములాలో గానీ బావ గొట్టంలో గానీ డ్రాయింగు అనే మాటే లేదు.

"ఎట్ల పోయిందే?" అన్నాడు బావ. అరవలేదు. అందుకే భయమేసింది నాకు.

"బోర్డర్ గీసినా. పేరూ నంబరూ రాసే గడి నీట్‌గా గీసినా. పెన్సిళ్లు చెక్కుకున్నా. మొదటి బొమ్మ బాగా ఒచ్చింది నాయనా, మేడం కూడా నిలబడి చూసింది. రెండోది సగంలో ఉండంగా గంట కొట్టినారు. మిగతావి ముట్టుకోనే లేదు."

నాకు చల్లారిన చారు గుర్తొచ్చింది. బావకూ గుర్తొచ్చిందని ఆయన కనుబొమలు చెప్పాయి. ఎంట్రన్స్ హాల్లోనూ ఇదే జరిగి ఉంటుంది. చేసినవన్నీ కరెక్టు, సగం పేపరు ఖాళీ. ర్యాంకు అప్పుడే నిజం చెప్పింది. పిల్లకు లెక్కలు రావని కాదు, చెయ్యి నెమ్మది అని. మార్కులూ నిజమే చెప్పాయి, పిల్ల వదలకుండా కూర్చుంటుందని. మేమిద్దరం ఏది నిజమని కొట్టుకున్నాం గానీ, ఒక్కోటీ ఏ సంగతి చెప్తోందని అడగలేదు. ఇంత తెలివి నాకు ఆళ్లగడ్డ బస్టాండులో దిగుతుంటే వచ్చింది. అప్పటికి ఏం లాభం, మాట మాటే.

ఇంటికి చేరాం. బావ చెప్పులు విడిచి, కుర్చీలో కూర్చుని, "అనుకున్నాం గదా" అన్నాడు. అంతే. పిల్ల బోర్డును గోడకు ఆనించింది. దాన్ని అక్కడే వదిలేస్తుందేమో అనుకున్నాను. కానీ పిల్ల వచ్చి తండ్రి ముందర నిలబడింది.

"నాయనా, ఒకటి అడగనా? లారీ ఒచ్చింది. నువ్వు పొడిచినావు. గింజ మంచిదే, తేమ ఎక్కువుండాది. లారీని ఎనక్కి తోలుతావా?"

"ఎందుకు తోల్తా? ఆరబోయమంటా."

"ఆరబోస్తే?"

"రెండెండలు తగిలినాక మళ్లా పొడిచి సూస్తా."

అన్నాక ఆయనకు తాను ఏమన్నాడో వినబడింది.

"నన్ను కూడా ఆరబోయి నాయనా," అంది పిల్ల. కళ్లల్లో నీళ్లున్నాయి. నవ్వుతోంది కూడా. "ఎనక్కి తోలొద్దు."

మా అక్క వంటింట్లోంచి కేక వేసింది. "తెల్లారి మేడ మీద పరుస్తాలే! నూక తేలితే కోళ్లకేస్తా!"

బావ గడ్డం గోక్కున్నాడు. తర్వాత లేచి, గోడకున్న బోర్డు తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టాడు. "కూర్చో. గీయి. నేను సూస్తాండా."

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో భోజనాలు నేల మీదే. పిల్ల బోర్డర్ గీయబోతే బావ గొట్టంతో బల్ల మీద ఠంగున కొట్టేవాడు. "లారీలో అన్ని మూటలూ పొడుస్తానా నేను? ఆడోటి ఈడోటి పొడుస్తా. ఎందుకు? ఎనకాల ఇంకో లారీ నిలబడింటాది. ఆ సుట్టూ గీత ఆఖర్న గీసుకో. ముందర బొమ్మ!" ఆయనకు బొమ్మల సంగతి సున్నా. త్రికోణాన్ని "మూడు మూలల మూట" అనేవాడు. ఒకసారి పిల్ల గీసిన శంకువును, కాగితం తలకిందులుగా పట్టుకుని చూసి, బావుందని మెచ్చుకున్నాడు. కానీ ఆ ఠంగు చప్పుడుకు వీధిలో పనులన్నీ చురుకెక్కాయి. ఎదురింటి ఆవిడ వంట అరగంట ముందే దిగేది. టైలరు చెప్పిన రోజుకే బట్టలు కుట్టి ఇవ్వడం మొదలుపెట్టాడు. ఊళ్లో అదొక అద్భుతంగా చెప్పుకున్నారు.

సప్లిమెంటరీ రాసింది. పాసైంది. బొటాబొటీ మార్కులు. ఇంకొక్క మార్కు తగ్గితే అవతలి గట్టున ఉండేది. కానీ అన్ని బొమ్మలూ ముట్టుకుంది. బోర్డర్ మాత్రం మూడు వైపులే పడిందట, నాలుగోవైపు గీయబోతుంటే గంట కొట్టారట.

ఆ ఆదివారం సాక్ష్యాల వేళ బావ లేచాడు. నా పక్కన అక్క ఆయన చొక్కా పట్టుకుని లాగింది. చొక్కా చిరిగే చప్పుడు నాకు వినబడింది. ఆయన ఆగలేదు. మైకు తీసుకున్నాడు.

"నా బిడ్డ ఒక సబ్జెక్టు తప్పింది. మళ్లా రాసింది. పాసయింది. ఎక్కువేం రాలేదు, పాసు మార్కులే. దేవునికి స్తోత్రం."

చర్చి బిగుసుకుపోయింది. ఈ అంకెకు ఏ గ్రేడు ఆమేన్ అనాలో ఎవరికీ తెలియదు. పాస్టరుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. వెనక వరస ముసలమ్మ "ప్రభువు..." అని నోరు తెరిచి, ఆ మాట ఇక్కడ అతకదేమోనని మూసుకుంది. పిల్ల ఓణీ కొంగు నోట్లో కుక్కుకుని నేల చూస్తోంది.

అప్పుడు మూడో వరసలోంచి టైలరు లేచాడు. ఏడేళ్లు చదివినవాడి తండ్రి. ఏ సంవత్సరమూ సాక్ష్యం చెప్పని మనిషి. నిలబడి, రెండు చేతులూ ఎత్తి, "ఆమేన్!" అన్నాడు.

ఆ వెనకే పడింది చూడండి ఆమేన్. నేను చెవులు మూసుకునేలోపు ఫ్యాన్లు దిశ మార్చుకుని వెనక్కి తిరిగాయి. బల్లల కిందా, బీరువాల్లోనూ ఎన్నేళ్లుగానో దాచిపెట్టుకున్న సప్లిమెంటరీలన్నీ ఒక్కసారిగా అరిచినట్టు ఉంది. పావురాలు రుద్రవరంలో ఆగలేదు. అవుకు రిజర్వాయరు కట్ట మీద కూర్చున్నాయని తర్వాత మా చుట్టాలు ఫోన్ చేసి చెప్పారు. ఆ పైన మైకు కోసం వరస కట్టారు జనం. "మావాడు రెండు తప్పినాడు, ఒకటి పాసైనాడు, స్తోత్రం." "మా పాప మూడో తాపకు పాసైంది, స్తోత్రం." ఆరాధన ముగిసేసరికి ఇళ్లల్లో కూరలన్నీ చల్లారిపోయాయి.

ఇప్పుడు పిల్ల మూడో యేడు. బోర్డు మా బస్సులో ఇప్పటికీ వస్తుంది, ఇప్పుడు జూనియర్లకు అరువిస్తోంది. మొన్న నేను కొత్తగా చేరిన పిల్లల మార్కులూ ర్యాంకులూ ముందేసుకుని మళ్లీ లెక్కలు వేస్తుంటే, బావ నా భుజం మీదుగా తొంగిచూసి, వేరుశెనక్కాయ నోట్లో వేసుకున్నాడు.

"ఏం బామ్మర్దీ, ఈసారన్నా ఆరబోసేదానికి జాగా పెట్టినావా లేదా?"

పెట్టాను. ఫార్ములా ఇప్పుడు కాగితం దాటి బస్సులో సగం సీట్లు ఆక్రమించింది. కండక్టరు దానికి టికెట్టు కొడతానంటున్నాడు.